ఏఎస్‌డీఎఫ్ వాడకం: లోడింగు సాఫీ, చిక్కంతా వెతుకులాటలోనే

కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఒక ప్రోగ్రాము ఫైళ్లను కంపైల్ చేసి లోడ్ చేసే పనిముట్టు ఏఎస్‌డీఎఫ్. దీన్ని విడిగా తెచ్చుకోనక్కర్లేదు. ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ కంపైలర్ పెట్టుకుంటే దాంతోపాటే వస్తుంది, రిక్వైర్ అనే ఆదేశంతో పిలిస్తే చాలు. డేనియల్ బార్లో 2001లో దీన్ని మొదలుపెట్టారు. ఫ్రాన్స్వా-రెనే రిడో చేతిలో 2010లో రెండో రూపం, 2013లో మూడో రూపం వచ్చాయి. ఈ సమీక్ష మూడో రూపం గురించి. అమలాపురంలో లైనక్స్ యంత్రాల మీద, రొయ్యల చెరువుల ఉప్పదనం, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ లెక్కలు చూసే ప్రోగ్రాములకు ఏళ్ల తరబడి వాడుతున్నాం.

ఫైళ్లను సరైన వరసలో కంపైల్ చేసి లోడ్ చేయడంలో దీన్ని నమ్మొచ్చు. మనుషుల్ని ఏడిపించేది అంతకు ముందు మెట్టు: సిస్టమ్ (ఒక ప్రాజెక్టు లేదా లైబ్రరీ) పేరు చెబితే దాని ఏఎస్‌డీ ఫైలు, అంటే అందులో ఏ ఫైళ్లున్నాయో రాసిన ఫైలు, ఎక్కడుందో పట్టుకోవడం. ఆ వెతుకులాట వరస తెలియకపోతే రోజంతా పోతుంది, తెలిస్తే రెండు నిమిషాల పని.

వరస ఇదీ. మొదట సెంట్రల్ రిజిస్ట్రీ చూస్తుంది. ఇది పాత పద్ధతి, డైరెక్టరీల జాబితా అంతే, లోపలి ఫోల్డర్లలోకి దిగదు. ఇందులో దారి చివర స్లాష్ మరిచిపోతే పని ఆపి, ఆ ఎంట్రీని తీసేయమంటారా, డైరెక్టరీగా మార్చమంటారా అని అడుగుతుంది. తర్వాత సోర్స్ రిజిస్ట్రీ. అందులో ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఆపై హోమ్‌లోని కాన్ఫిగ్ ఫైలు, ఆపై కాన్ఫిగ్ డైరెక్టరీ, ఆ తర్వాత ఏమీ రాయకపోయినా చూసే చోట్లు. హోమ్ డైరెక్టరీలో 'కామన్-లిస్ప్' పేరుతో ఉండే ఫోల్డరు ఈ చివరి రకం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా సలహా ఒక్కటే: ప్రాజెక్టులన్నీ ఆ ఫోల్డర్లో పడేయండి, ఇంకేమీ రాయొద్దు. లోపల ఎంత లోతున ఉన్నా వెతికి పట్టుకుంటుంది.

వేరియబుల్ వాడితే రెండు గుర్తులు చూసుకోవాలి. దారి చివర జంట స్లాష్ ఉంటేనే లోపలి ఫోల్డర్లలోకి దిగుతుంది. వరస మొదట్లోనో చివర్లోనో ఖాళీ కోలన్ ఉంటేనే మిగతా కాన్ఫిగరేషన్ కూడా కలుస్తుంది. ఆ కోలన్ లేకపోతే హోమ్‌లోని చోట్లన్నీ గల్లంతు. నిన్నటిదాకా దొరికిన లైబ్రరీలన్నీ ఒక్కసారిగా దొరకడం లేదని ఎవరైనా వస్తే ముందు చూడాల్సింది ఈ కోలన్‌నే. కాన్ఫిగ్ ఫైల్లోనూ ఇదే సంగతి, కాకపోతే అక్కడ ఇన్‌హెరిట్ చేయాలో వద్దో (మిగతా కాన్ఫిగరేషన్ కలుపుకోవాలో వద్దో) రాయకపోతే ఎర్రర్ చూపిస్తుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది.

ఎక్కువమంది పడే గుంట ఇంకొకటుంది. ట్రీ అని, అంటే లోపలి ఫోల్డర్లతో సహా వెతకమని, ఇచ్చిన చోటును ఏఎస్‌డీఎఫ్ ఒక్కసారే తిరిగి, దొరికిన పేర్లు గుర్తుపెట్టుకుంటుంది. లిస్ప్ నడుస్తుండగా కొత్త ప్రాజెక్టు తెచ్చి ఆ ఫోల్డర్లో వేస్తే కనపడదు. క్లియర్-సోర్స్-రిజిస్ట్రీ పిలిచి మళ్లీ లోడ్ చేయాలి. లిస్ప్‌ను ఆపి మొదలుపెట్టినా సరే, కానీ నడుస్తున్న పని పోతుంది. ముందే దొరికిన ఏఎస్‌డీ ఫైలును మార్చితే మాత్రం తనే గమనించి మళ్లీ చదువుతుంది.

పేర్ల దగ్గర మెలిక చూడండి. 'చెరువు' ఏఎస్‌డీ ఫైల్లో పరీక్షల సిస్టమ్ కూడా పెడితే దాని పేరు 'చెరువు/పరీక్ష' అని స్లాష్‌తో ఉండాలి. స్లాష్ ముందున్న మాటను బట్టే ఏ ఫైలు తెరవాలో తెలుస్తుంది. హైఫన్‌తో 'చెరువు-పరీక్ష' అని పెడితే, చెరువు అప్పటికే లోడై ఉన్న సెషన్‌లో పనిచేస్తుంది, కొత్త సెషన్‌లో అదే పేరున్న ఫైలు కోసం వెతికి లేదంటుంది. రాసినవాళ్ల దగ్గర బాగానే నడిచి, భీమవరంలో ఇంకొకరి యంత్రంలో నడవకపోవడానికి సాధారణంగా కారణం ఇదే. ఏఎస్‌డీ ఫైలును మామూలు లోడ్‌తో తెరవడం కూడా తప్పే. లోడ్-ఏఎస్‌డీ వాడితే సరైన ప్యాకేజీలో చదువుతుంది.

కంపైల్ చేస్తే వచ్చే ఫైళ్లు (వీటిని ఫాసల్ అంటారు) సోర్స్ పక్కన పడవు. హోమ్‌లోని క్యాష్ ఫోల్డర్లో, లిస్ప్ వెర్షన్‌ను బట్టి వేర్వేరుగా ఉంటాయి. మళ్లీ కంపైల్ చేయాలా వద్దా అన్నది ఫైలు తేదీలు చూసి తేల్చుకుంటుంది. తుఫాను రోజుల్లో నెట్ పోయి పెన్‌డ్రైవ్‌లో సోర్స్ తెచ్చినప్పుడు ఇక్కడే దెబ్బ తగులుతుంది. పాత తేదీతో ఉన్న ఫైలు వచ్చి కూర్చుంటే, ఫాసల్ దానికంటే కొత్తదే కదా అని వదిలేస్తుంది. అప్పుడు లోడ్ చేసేటప్పుడు ఫోర్స్ అని ఇస్తే ఆ ఒక్క సిస్టమే మళ్లీ కంపైలవుతుంది. అది ఆధారపడ్డ సిస్టమ్‌లన్నీ కూడా కావాలంటే ఫోర్స్‌కు ఆల్ అని ఇవ్వాలి.

ఏఎస్‌డీ ఫైల్లో సీరియల్ అని రాస్తే ఫైళ్లు రాసిన వరసలోనే నడుస్తాయి. వరిచేలకు పైచేను నుంచి కిందిచేనుకు నీళ్లు దిగినట్టు, పైన ఒక ఫైలు మారితే కిందవన్నీ మళ్లీ కంపైలవుతాయి. ఇరవై ఫైళ్ల లోపు ప్రాజెక్టుకు ఇదే మేలు. పెద్దదానికి మాత్రం ఏది దేనిమీద ఆధారపడుతుందో విడివిడిగా రాయడం మంచిది, కాలం కలిసొస్తుంది.

లైబ్రరీలను నెట్ నుంచి తెచ్చిపెట్టే క్విక్‌లిస్ప్‌తో కలిపి వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. క్విక్‌లిస్ప్ తన వెతుకులాటను ఏఎస్‌డీఎఫ్ సొంత చోట్ల తర్వాత చేరుస్తుంది. ఒకే లైబ్రరీ హోమ్ ఫోల్డర్లోనూ క్విక్‌లిస్ప్‌లోనూ ఉంటే మొదటిదే లోడవుతుంది. ఏది లోడైందో అనుమానం వస్తే సిస్టమ్-సోర్స్-ఫైల్ అడిగితే దారి మొత్తం చూపిస్తుంది. బగ్గు కోసం కోడ్ తవ్వడానికి ముందు ఈ ఒక్క పిలుపు చేయండి.

లోటు ఒకటుంది. ఇది లైబ్రరీలను తెచ్చిపెట్టదు, వెర్షన్ గట్టిగా బిగించదు. ఆధారపడే లైబ్రరీల జాబితాలో ఒకదానికి వెర్షన్ 1.2 కావాలని రాస్తే 1.2 గానీ, ఆపైది ఏదైనా గానీ ఒప్పుకుంటుంది. కాబట్టి కచ్చితంగా ఒకే కోడ్ కావాలంటే, ప్రతి లైబ్రరీని గిట్‌లో కావలసిన కమిట్ (భద్రపరిచిన ఒక దశ) దగ్గర ఆపి ఆ 'కామన్-లిస్ప్' ఫోల్డర్లోనే ఉంచుకుంటున్నాం. నెట్ లేని రోజున కూడా అలా ఉంచినవన్నీ లోడవుతాయి.