సర్పెంట్ అండ్ డవ్: పెళ్లి బాగుంది, పశ్చాత్తాపం సరిపోలేదు

పగవాళ్లు ప్రేమికులయ్యే కథలంటే నాకు ప్రాణం. కానీ పగ నిజంగా పగలా ఉండే కథలు తక్కువ. చాలావాటిలో ఇద్దరూ రెండు అధ్యాయాలు చిటపటలాడి, మూడోదానికల్లా కరిగిపోతారు. షెల్బీ మహూరిన్ రాసిన ‘సర్పెంట్ అండ్ డవ్’ ఆ కోవలోది కాదు. ఇందులో అమ్మాయి మంత్రగత్తె. అబ్బాయి మంత్రగత్తెల్ని వేటాడి కాల్చేసే దళానికి కెప్టెన్. ఆమె ఎవరో అతనికి తెలిసిన రోజున ఆమెకు చితే గతి. ఆ భయం మధ్య పెళ్లి, ఒకే గదిలో కాపురం, ఆ తర్వాత ప్రేమ. 2019లో వచ్చిన ఇంగ్లీషు నవల, మూడు భాగాల్లో మొదటిది. నాకు చాలా నచ్చింది. నచ్చింది కాబట్టే ఒక్క విషయంలో దీనితో గట్టిగా పోట్లాడాలని ఉంది.

కథ బెల్టెరా అనే ఊహా రాజ్యంలో, సెజరీన్ నగరంలో జరుగుతుంది. చదువుతుంటే పాత ఫ్రాన్స్ కళ్ల ముందు కదులుతుంది: చర్చి పెత్తనం, నాటకశాలలు, మిఠాయి కొట్లు, మురికి సందులు. లూయీజ్, అందరికీ లూ, తన వాళ్ల నుంచి పారిపోయి వచ్చి, నాటకశాల అటక మీద తలదాచుకుంటూ దొంగతనాలు చేసి బతుకుతుంటుంది. గొంతు మీద పొడవాటి మచ్చ. అది కన్నతల్లి పెట్టిన గాటు. రీడ్ పసికందుగా చెత్తలో దొరికితే చర్చి పెంచింది. ఆర్చ్‌బిషప్పే అతనికి తండ్రి, గురువు, దేవుడి తర్వాత దేవుడు. లూని తరుముకుంటూ వెళ్లిన రీడ్, నిండు నాటకశాలలో ఆమెతో పెనుగులాడుతూ జనం కంట పడతాడు. చూసినవాళ్లకి అది ఆడపిల్ల మీద దౌర్జన్యంలా కనిపిస్తుంది. అతని పరువు కాపాడటానికి ఆర్చ్‌బిషప్ వేసిన ఎత్తే ఈ పెళ్లి. జైలా, పెళ్లా అంటే లూ పెళ్లికి ఒప్పుకుంటుంది. తల్లి మనుషులు తన కోసం వెతుకుతున్నారు. వేటగాళ్ల కోటకు మించి దాక్కునే చోటు ఇంకెక్కడుంది?

ఈ ఎత్తుగడ కాస్త లాగినట్టే ఉంటుంది. అయినా దాన్ని దాటేస్తే ఆ తర్వాతి రెండొందల పేజీలు బంగారం. లూ నోటికి అదుపు లేదు, బూతుపాటలు గొంతెత్తి పాడుతుంది. రీడ్ ముఖం ఎర్రబడిపోతుంది. మంచం ఆమె ఆక్రమిస్తుంది, అతను నేల మీద పడుకుంటాడు. అతను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక ప్రేమకథ పుస్తకం ఆమె చేతికి చిక్కుతుంది. ఇంత కరడుకట్టిన మనిషిలోనూ ఒక మెత్తని మనసు ఉందని ఆమెకు మొదటిసారి అర్థమవుతుంది. ఆమెకు పాకం పట్టిన బన్నులంటే పిచ్చి అని అతను కనిపెడతాడు. కథ ఒక అధ్యాయం ఆమె నోట, ఒక అధ్యాయం అతని నోట నడుస్తుంది కాబట్టి, ఒకరు ఏం దాస్తున్నారో, రెండోవాళ్లు దాన్ని ఎంత తప్పుగా అర్థం చేసుకుంటున్నారో మనకు మాత్రమే తెలుస్తూ ఉంటుంది. ఆ టెన్షన్ పుస్తకం కింద పెట్టనివ్వదు. ప్రేమ ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ఒక పేజీ చూపించలేం. రచయిత్రి పనితనం అక్కడుంది.

మంత్రానికి ఇక్కడ ధర ఉంది. అది నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి. ఏదైనా కావాలంటే దానికి సరిపడా ఏదో ఒకటి వదులుకోవాలి: నొప్పికి నొప్పి, ఎముకకు ఎముక, ఒక్కోసారి ఒక జ్ఞాపకం. పైగా మంత్రం వేస్తే వాసన వస్తుంది. వేటగాళ్లు ఆ వాసన పసిగట్టే పట్టుకుంటారు. అందుకే లూ కోటలోని వైద్యశాలకు వెళ్తుంది. మంత్రం తగిలి మంచాన పడ్డ రోగులు అక్కడ ఉంటారు, ఆ గదులు ఎప్పుడూ అదే వాసన కొడుతుంటాయి, వాటి మధ్య ఆమె వాసన కలిసిపోతుంది. నేను ఒడిశాలోని గుణుపూర్‌లో మందుల షాపు నడుపుతాను. రోగుల మధ్య దాక్కున్న ఈ అమ్మాయి నన్ను వెంటనే పట్టేసింది. వైద్యశాల అధ్యాయాలు ఇంకొన్ని ఉంటే బాగుండేది.

ఇక ఎస్టెల్ గురించి చెప్పాలి. లూని పట్టుకుపోవడానికి వచ్చి వేటగాళ్లకు దొరికిపోయిన మంత్రగత్తె ఆమె. ఆమెను కాల్చే చోటికి లూ వెళ్లక తప్పదు. కెప్టెన్ భార్య కదా, నిలబడి చూడాలి. మంట అంటుకుంటుంది. అప్పుడు లూ, తనకు కీడు చేయబోయిన ఆ మనిషి నొప్పినంతా మంత్రంతో తన ఒంట్లోకి లాక్కుంటుంది. చితి మీద ఉన్నామెకు నొప్పి తెలియదు. కింద నిలబడ్డ లూ కాలిపోతున్నట్టు అరుస్తూ కూలిపోతుంది. రీడ్‌కు ఏం జరుగుతోందో తెలియదు. భార్యకు ఏమైందో అని అల్లాడిపోతాడు. చితి మీద ఒక ఆడమనిషి కాలిపోతుంటే, అతని గుండె మాత్రం తన చేతుల్లో ఉన్నామె కోసమే కొట్టుకుంటోంది. ఈ ఒక్క అధ్యాయం కోసమైనా పుస్తకం కొనొచ్చు. మొత్తం కథలోని అన్యాయం అంతా ఇక్కడే ఉంది.

నా పోట్లాట కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. నేనున్న చోట మంత్రగత్తె ఊహ కాదు. మా రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో, సరిహద్దు దాటితే శ్రీకాకుళం, మన్యం వైపు కూడా చిల్లంగి (చేతబడి) పెట్టిందన్న మాట ఇప్పటికీ వినపడుతుంది. జ్వరంతో ఒక పిల్లవాడు పోతాడు, పొలం గట్టు దగ్గర పాత తగాదా ఒకటుంటుంది, ఊళ్లో ఒంటరి ఆడది ఒకామె ఉంటుంది. ఈ మూడూ కలిస్తే చాలు. ఒడిశా ప్రభుత్వం ఇలాంటి వేధింపుల మీద 2013లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. కొండ ఊళ్లలో మలేరియా పరీక్షలు, దోమతెరలు ఇచ్చే ‘దమన్’ కార్యక్రమం 2017లో మొదలైంది. దాన్ని నేను ఆరోగ్యం పనిగా మాత్రమే చూడను. జ్వరానికి కారణం రక్తం చుక్కలో తేలిపోతే, పొరుగింటి ముసలామె వైపు వేలు చూపడం కష్టమవుతుంది.

మా షాపుకు బీపీ మాత్రల కోసం ఒకావిడ వస్తుంది. డబ్బులు చేతికివ్వదు. కౌంటరు అద్దం మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడుతుంది. మాత్రలు కూడా అక్కడే పెట్టమంటుంది. ఊళ్లో ఆమె చేతి మీదుగా ఎవరూ ఏమీ తీసుకోరట, అలా అలవాటైపోయింది. “నా చేతికే ఇవ్వమ్మా” అన్నాను ఒకసారి. “వద్దులే తల్లీ, వెనకాల మనుషులున్నారు” అంది. వరుసలో నిజంగానే ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.

ఈ మనిషిని రోజూ చూస్తూ ఆ నవల చదివితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బెల్టెరాలో మంత్రగత్తెలు నిజంగానే ఉన్నారు, నిజంగానే చంపుతారు. రీడ్ ఇంతకుముందు మనసిచ్చిన సెలీ అనే అమ్మాయి అక్క వాళ్ల చేతుల్లోనే చనిపోయింది. లూ తల్లి మోర్గాన్ రాజవంశాన్ని తుడిచిపెట్టడానికి కన్నకూతుర్నే బలివ్వాలనుకుంది. అటు చర్చి తరతరాలుగా మంత్రగత్తెల్ని కాలుస్తూ వచ్చింది. రెండు వైపులా శవాలున్నాయి. పగకు బలం వచ్చింది అందుకే. ప్రేమకథగా అది సరైన నిర్ణయమే అంటాను. కానీ దానివల్ల వేటగాడికి సగం న్యాయం ముందే దక్కిపోయింది. అసలు చరిత్రలో ఆ న్యాయం లేదు. లూ స్నేహితురాలు కోకో ఇంటిపేరు మోన్‌వాజాన్. పారిస్‌లో విషప్రయోగాల కేసులో మంత్రగత్తె అని 1680లో కాల్చేసిన ఒకామె ఇంటిపేరు అదే, ఆమెను ‘లా వాజాన్’ అనేవారు. నవలలో కోకో తల్లి తోబుట్టువుకు ఆ పేరే పెట్టారు. ఆమెను కాల్చిన రెండేళ్లకు, 1682లో, పద్నాలుగో లూయీ రాజు ఇచ్చిన శాసనంతో ఫ్రాన్స్‌లో మంత్రగత్తెల విచారణలు తగ్గుముఖం పట్టాయి. ఇంత చరిత్ర వెనకాల ఉన్న రచయిత్రికి, కాల్చిన చేతుల లెక్క ఎవరు చెప్పాలన్న ప్రశ్న తప్పకుండా తట్టి ఉంటుంది. పుస్తకం దాన్ని పూర్తిగా తేల్చలేదు.

ఇక్కడి నుంచి కథ చివరి భాగం గురించి కొంత చెబుతాను. తెలియకూడదనుకునేవాళ్లు ఈ రెండు పేరాలు వదిలేయండి.

లూ మంత్రగత్తె అని బయటపడ్డప్పుడు రీడ్ ఆమెను కాదంటాడు. నువ్వు నా భార్యవే కాదంటాడు. ఆ సీన్ బాగా రాశారు, నాకు కడుపులో దేవినట్టయింది. ఆ తర్వాత అతను మారాలి కదా, మారతాడు. కానీ ఏం చూసి మారతాడు? లూ లేకపోతే బతకలేనని తెలిసి మారతాడు. అంతకన్నా ముఖ్యంగా, తన పుట్టుక గురించి ఒక నిజం తెలుస్తుంది. తన తల్లే మంత్రగత్తె. తన ఒంట్లోనూ అదే రక్తం. దాంతో సమస్య తేలికైపోయింది. ‘వాళ్లు’ అనుకున్నవాళ్లు ‘మేము’ అయిపోయారు. నాకు ఇది సరిపోలేదు. ఒక్క మంత్రగత్తెను ప్రేమించడం వేరు, మంత్రగత్తె అన్న పేరు మీద మనిషిని కాల్చడం తప్పని ఒప్పుకోవడం వేరు. ఆ రెండో పని, తన రక్తంలో ఏమీ లేని మామూలు వేటగాడిగా ఉండి రీడ్ చేసి ఉంటే, అతను నా దృష్టిలో ఎంతో ఎత్తుకు ఎదిగేవాడు.

ఎస్టెల్ పేరు అతను మళ్లీ మనసారా తలుచుకోవాలని నేను పేజీ పేజీకీ ఎదురుచూశాను. తాను పట్టించినవాళ్లు, తన కళ్ల ముందు కాలినవాళ్లు, వాళ్లకీ ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా. లూ ముందు మోకరిల్లితే చాలదు. ఆర్చ్‌బిషప్ విషయంలో అతను తీసుకున్న నిర్ణయం పెద్దదే, చేయి వణికే నిర్ణయమే. కానీ అది కూడా లూ ప్రాణం కోసం. సరిహద్దు ఊళ్లలో ఇలాంటి వేధింపులు ఆపడానికి తిరిగే ఆశా దీదీలు, అంగన్‌వాడీ అక్కలు ఎవరి మీదో ప్రేమ పుట్టి ఆ పని చేయడం లేదు. నాకు హీరోలో కావాల్సింది ఆ గుణం.

మిగతా విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఆన్సెల్ అనే కుర్ర వేటగాడు ఈ పుస్తకంలో అందరికన్నా మంచివాడు. రీడ్ కన్నా ముందే అతని కళ్లు తెరుచుకుంటాయి, లూ మీద మోజు లేకుండానే. రచయిత్రి చేతిలో సమాధానం ఉంది, దాన్ని పక్క పాత్రకు ఇచ్చేసింది. కోకో కనిపించిన ప్రతి పేజీ బాగుంది. మోర్గాన్ మాత్రం కథ మొదట్లో భయపెట్టినంత చివర్లో భయపెట్టదు, మాటలు ఎక్కువైపోయాయి. చివరి వంద పేజీల పరుగులో పోరాటం ఎవరి మీద ఎవరు చేస్తున్నారో ఒకటికి రెండుసార్లు వెనక్కి తిప్పి చూడాల్సి వస్తుంది.

ఇంగ్లీషు కష్టం కాదు. డిగ్రీ చదివే పిల్లలు హాయిగా చదవొచ్చు. ఫ్రెంచి పేర్ల దగ్గర ఆగిపోకండి, ఎలా తోస్తే అలా పలుక్కుని ముందుకు వెళ్లండి. అయితే ఇది టీనేజీ వాళ్ల పుస్తకాల మధ్య అమ్ముతున్నారు కానీ, పడకగది సన్నివేశం దాపరికం లేకుండా ఉంటుంది, తిట్లు ధారాళంగా ఉంటాయి, హింసా ఉంది. హైస్కూలు పిల్లలకు కొనేముందు పెద్దవాళ్లు ఒకసారి చదివితే మంచిది. షాపుకు వచ్చే ఇంజనీరింగ్ అమ్మాయి ఒకరు కౌంటరు మీద పుస్తకం చూసి, “అక్కా, లవ్ స్టోరీయేనా, ఏడిపిస్తుందా?” అని అడిగింది. రెండూ అన్నాను. ఇచ్చాను. ఎస్టెల్ అధ్యాయం అయ్యాక నాతో మాట్లాడమన్నాను.

రెండో భాగం ‘బ్లడ్ అండ్ హనీ’ 2020లో, మూడోది ‘గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్’ 2021లో వచ్చాయి. రెండో భాగంలో రీడ్ తన ఒంట్లో ఉన్న మంత్రాన్నే అసహ్యించుకుంటూ తిరుగుతాడు, లూ మంత్రంలో లోతుకు దిగి దారి తప్పుతుంది. నేను అడుగుతున్న ప్రశ్న అక్కడ కొంచెం కదులుతుంది, కానీ కథ నడక నెమ్మదిస్తుంది, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పటి మజా పోతుంది. మొదటి భాగం ఒక్కటే కొనుక్కోండి. అది చదివాక రీడ్‌ను క్షమించాలో వద్దో తేల్చుకోలేకపోతే, అప్పుడు రెండోది తెప్పించుకోండి.