చౌమహల్లా చూడాలా, పురానీ హవేలీయా?

ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఇదే చర్చ. చార్మినార్ చూశాక ఒక పూటే మిగులుతుంది. ఆ పూట చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్ళాలా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికా? రెండూ పాతబస్తీలోనే ఉన్నాయి, రెండూ ఒకప్పుడు నిజాంలు కాపురమున్న ఇళ్ళే. శుక్రవారం మాత్రం రెండిటికీ సెలవు.

ముందు పురానీ హవేలీ అనే పేరు సంగతి చెప్పాలి. రెండో నిజాం తన కొడుకు సికందర్ జా కోసం హవేలీని తీసుకున్నారు. సికందర్ జా మూడో నిజాం అయ్యాక కొన్నాళ్ళు అక్కడే ఉండి, తర్వాత ఖిల్వత్‌కి, అంటే ఇప్పటి చౌమహల్లాకి మారిపోయారు. వదిలేసి వచ్చిన ఇల్లు 'పురానీ హవేలీ', అంటే పాత భవనం అయింది.

అందం వరకైతే చౌమహల్లాకే నా ఓటు. 18వ శతాబ్దంలో అప్పటి పాలకుడు సలాబత్ జంగ్ మొదలుపెట్టించిన కట్టడం, 19వ శతాబ్దంలో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయింది. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు, వాటి కింద పాలరాతి గద్దె. పిల్లలకి పాత కార్లు, బగ్గీలు ఉన్నాయి, పరిగెత్తడానికి బోలెడంత చోటు కూడా. బాగుచేసిన తీరుకి 2010లో యునెస్కో అవార్డు వచ్చింది, దానికి తగ్గట్టే ఉంటుంది. కాకపోతే నడక ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మధ్యాహ్నం ఎండలో ఆ ఆవరణలు దాటడం కష్టం.

పురానీ హవేలీ అంత ఆర్భాటంగా ఉండదు. బయట నుంచి చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు కూడా. లోపల మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మనింట్లో ఉండేలాంటిది కాదు, ఒక పొడవాటి హాలు! సుమారు 176 అడుగులంటారు. బర్మా టేకుతో రెండంతస్తులుగా కట్టారు. పై అరల్లోకి వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఒకసారి వేసుకున్న బట్ట ఆయన మళ్ళీ ముట్టుకునేవారు కాదని చెప్పుకుంటారు. పాము కరిస్తే ఈ మహబూబ్ పాషా పేరు తలుచుకుంటే విషం దిగుతుందని అప్పట్లో జనం నమ్మేవారట. ఆ తలుపుల ముందు నిలబడితే అలాంటి కథలన్నీ ఒక మనిషికి అతుక్కుంటాయి. చౌమహల్లా దర్బారులో నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు.

పక్కనే ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు, నగరంలోని భవనాలకి వెండితో చేసిన చిన్న నమూనాలు. వాటిని తీరిగ్గా చూడండి, మనకి తెలిసిన కట్టడాలే బుల్లి సైజులో ఉంటాయి.

చిన్నపిల్లలతో మొదటిసారి వచ్చినవాళ్ళయితే పొద్దున్నే చౌమహల్లాకి వెళ్ళండి. పెద్దవాళ్ళు వెంట ఉన్నా, తీరిగ్గా చూసే అలవాటున్నా పురానీ హవేలీయే మేలు. ఒక్కటే చూడాలంటే నేను హవేలీకే వెళ్తాను. మొన్న మా పిన్నిని నేరుగా అక్కడికే తీసుకెళ్ళాను. బీరువా తలుపులు లెక్కపెడుతూ సగం దూరం నడిచి, లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చి మొదలుపెట్టింది.