పెద్దవాళ్ళు మాంగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, అనగానే మనలో చాలామందికి నరుటో, వన్ పీస్, డ్రాగన్ బాల్ గుర్తొస్తాయి. అవి బాగుంటాయి, కాదనను, మా అబ్బాయి అవే చదువుతాడు. కానీ అవి జపాన్‌లో ‘షోనెన్’, అంటే మగపిల్లల పత్రికల్లో వచ్చే కథలు. పెద్దవాళ్ళకు అక్కడ వేరే పత్రికలున్నాయి, మగవాళ్ళవాటిని ‘సెయినెన్’ అనీ ఆడవాళ్ళవాటిని ‘జోసెయ్’ అనీ అంటారు. ఈ సంగతి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలీదు. ఇప్పుడు నలభై మూడు. ఈ ఐదేళ్ళలో కొన్నవీ, చదివినవీ, మళ్ళీ మళ్ళీ చదువుతున్నవీ కొన్ని చెప్తాను.

ముందు ఒక మాట. పెద్దవాళ్ళ మాంగా అంటే రక్తం, బట్టల్లేని బొమ్మలు అనుకుని వెతికేవాళ్ళుంటారు. అవి పిల్లల కథల్లో అంతగా ఉండకపోవడం నిజమే గానీ అవి ఉన్నంత మాత్రాన కథకు వయసు రాదు. నా లెక్క ఒక్కటే. ఒక మనిషి చేసిన పని పేజీ తిప్పగానే మాయమైపోకూడదు. ఎవర్నన్నా చంపితే, ఎవర్నన్నా వదిలేసి పోతే, పది సంపుటాల తర్వాత కూడా అది వాడి భుజాల మీద కనపడాలి.

ఈ లెక్కలో మొదటిది మాన్‌స్టర్. నావోకి ఉరసావా 1994 నుంచి 2001 దాకా రాసి గీసిన కథ, 18 సంపుటాలు, ఇంగ్లీషులో ఇప్పుడు రెండేసి కలిపి 9 పుస్తకాలుగా దొరుకుతుంది. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ ఆసుపత్రిలో కెంజో తెన్మా అని ఒక జపాన్ డాక్టరు, మెదడు ఆపరేషన్లలో దిట్ట. ఒక రాత్రి ముందుగా వచ్చిన టర్కీ కూలీని పక్కనపెట్టి, పేరున్న ఒపేరా గాయకుడికి ఆపరేషన్ చెయ్యమని పైనుంచి ఆర్డర్ వస్తుంది. చేస్తాడు. గాయకుడు బతుకుతాడు, పేపర్లో వార్త వస్తుంది. ఆ కూలీ చనిపోతాడు. మర్నాడు అతని భార్య వచ్చి, మా ఆయన ముందు వచ్చాడు కదా అని డాక్టరు గుండెల మీద కొడుతూ ఏడుస్తుంది. మా అక్క స్టాఫ్ నర్స్, పాతికేళ్ళ సర్వీసు. ఆ పేజీ చూపిస్తే చాలాసేపు పుస్తకం పట్టుకునే కూర్చుంది. “ఈవిడ మొహం నేను చూశాన్రా” అంది. అంతే అంది. మర్నాడు ఫోన్ చేసి రెండో పుస్తకం పంపించమంది.

ఆ తర్వాత మళ్ళీ అలాంటి రాత్రే వస్తుంది, ఈసారి తలలో తూటా దిగిన పిల్లాడు ముందు వస్తాడు, మేయరు తర్వాత వస్తాడు. తెన్మా ఈసారి పిల్లాడికే చేస్తాడు. ఉద్యోగంలో ముందుకెళ్ళే దారి, పెళ్ళి అన్నీ పోతాయి. తొమ్మిదేళ్ళకి తెలుస్తుంది, తను బతికించిన ఆ పిల్లాడు ఎంతమందిని చంపాడో. సరైన పని చేసిన మనిషికి ఆ సరైన పనే శిక్ష అయితే ఏం చెయ్యాలి అన్నది మిగతా కథ అంతా. ఉరసావా గొప్పతనం మొహాల్లో ఉంది, రెండు పేజీలు కనపడి పోయే ముసలావిడక్కూడా ఒక జీవితం ఉన్నట్టు గీస్తాడు. లుంగే అని ఒక పోలీసు అధికారి ఉంటాడు, ఎవరేం చెప్పినా కంప్యూటర్ మీద టైప్ చేస్తున్నట్టు గాల్లో వేళ్ళాడిస్తూ జ్ఞాపకం పెట్టుకుంటాడు. ఆ వేళ్ళు కదిలిన ప్రతిసారీ నాకు టెన్షన్ మొదలయ్యేది. మధ్యలో కొన్ని అధ్యాయాలు సాగినట్టు అనిపిస్తాయి, ఓపిక పట్టండి, అక్కడ కనపడిన మనుషులు చివర్లో అవసరమవుతారు.

రెండోది విన్‌లాండ్ సాగా, మకోటో యుకిమురాది. 2005లో మొదలై 2025లో ముగిసింది, కాబట్టి చివరిదాకా చదవగలమా అన్న భయం లేదు. పదకొండో శతాబ్దపు వైకింగుల కథ, అంటే ఓడల మీద తిరిగి దాడులు చేసే ఉత్తర ఐరోపా యోధులు. తండ్రిని చంపినవాడి వెంటే తిరుగుతూ, వాడితో ద్వంద్వయుద్ధం కోసమే బతికే తోర్ఫిన్ అనే కుర్రాడు. మొదటి ఏడెనిమిది సంపుటాలు కత్తులు, ఓడలు, యుద్ధాలు. అవి చదివి బాగుందని ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆపకండి. అసలు పుస్తకం ఆ తర్వాతే. తోర్ఫిన్ బానిసగా ఒక పొలానికి అమ్ముడుపోతాడు, ఐనార్ అనే ఇంకో బానిసతో కలిసి అడవి నరికి, మొద్దులు పెకలించి, దున్ని గోధుమ వెయ్యాలి. సంపుటాలకు సంపుటాలు ఇదే. చెట్ల వేళ్ళు తెగవు, గుర్రాన్ని అరువిచ్చేవాడు దొరకడు, ఒకళ్ళ సాయం అడగాలంటే నోరు రాదు. ఎంతోమందిని చంపిన చేతులు మొదటిసారి ఒక మొలకని చూస్తాయి, ఆ మొలక గీసిన తీరు చూస్తే యుకిమురా యుద్ధాలు గీసింది ఈ పేజీ కోసమేనేమో అనిపిస్తుంది. రాత్రి నిద్రలో చచ్చినవాళ్ళు అతని కాళ్ళు పట్టుకుని లాగుతుంటారు. ఇంకొన్నాళ్ళకి, తిరిగి చెయ్యెత్తకుండా వంద దెబ్బలు తినడానికి నిలబడే ఘట్టం ఒకటి వస్తుంది. ఎందుకు నిలబడ్డాడో మీరే చదవండి.

వాగాబాండ్ గురించి చెప్పాలంటే ముందు చెడు వార్త. అది పూర్తి కాలేదు. తకెహికో ఇనోవె 1998లో మొదలుపెట్టి, 37 సంపుటాలు వేసి, 2015లో ఆపేశాడు. అయినా కొనమంటాను. కథ మియమొటో ముసాషి అనే ఖడ్గవీరుడిది, ఎయ్‌జి యోషికావా నవల ఆధారం. ఇనోవె చేసిన పెద్ద మార్పు, ముసాషికి ప్రత్యర్థి కాబోయే కొజిరోని చెవిటివాడిగా మలచడం. సముద్రం ఒడ్డున ఒంటరిగా బతికే ముసలి గురువుకి, పడవలో కొట్టుకొచ్చిన పసిపిల్లాడు దొరుకుతాడు, తనకంటే పొడుగైన కత్తిని కరుచుకుని. ఆ పిల్లాడి బాల్యం చాలాభాగం మాటల్లేకుండా బొమ్మల్లోనే నడుస్తుంది, అలలూ గాలీ మొహాలూ, అంతే. పోనుపోను ఇనోవె కుంచెతో గీయడం మొదలుపెడతాడు, అక్కడి నుంచి ఒక్కో పేజీ ఫ్రేము కట్టించుకునేలా ఉంటుంది.

అందుకే దీన్ని దొంగ ప్రింటులో కొనకండి. నేను కొన్నాను. ఆన్‌లైన్లో సగం ధరకి సెట్టు కనపడితే ఆశపడ్డాను. వచ్చింది చూస్తే నల్లటి సిరా అంతా బూడిద రంగు, నడిమి మడతలో సగం బొమ్మ ఇరుక్కుపోయింది, అట్ట మీద అక్షరాలు కొంచెం మసకగా ఉన్నాయి. వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్ళు పలకలేదు. ఆ డబ్బుకి నాలుగు అసలు పుస్తకాలు వచ్చుండేవి. ధర మరీ తక్కువగా ఉంటే లోపలి పేజీల ఫోటోలు అడగండి, నలుపు నల్లగా ఉందా లేదా చూడండి. ఈమధ్య మూడేసి సంపుటాలు కలిపి గట్టి అట్టతో పెద్ద సైజులో వేస్తున్నారు. ఖరీదు ఎక్కువే గానీ కుంచె పనికి ఆ సైజే న్యాయం.

ఇన్ని సంపుటాలు నావల్ల కాదనేవాళ్ళకి ఒకే పుస్తకంలో దొరికేది జిరో తనిగుచి రాసిన ఎ డిస్టంట్ నైబర్‌హుడ్. నాకన్నిటికంటే ఇష్టమైంది ఇదే. నలభై ఎనిమిదేళ్ళ ఉద్యోగి, రాత్రి తాగింది ఇంకా దిగక, క్యోటో స్టేషన్లో పొరపాటున వేరే రైలెక్కి సొంత ఊరు కురయోషిలో తేలతాడు. వాళ్ళమ్మ సమాధి దగ్గర స్పృహ తప్పుతుంది. లేచి చూస్తే పద్నాలుగేళ్ళ ఒళ్ళు, 1963. లోపల మాత్రం నలభై ఎనిమిదే. ఇంటికెళ్తే అమ్మ, నాయనమ్మ, చెల్లెలు, దర్జీ పని చేసే నాన్న, అందరూ ఉన్నారు. ఆ ఏడాదే నాన్న ఎవరికీ చెప్పకుండా ఇల్లొదిలి వెళ్ళిపోతాడని వీడికి తెలుసు. ఆపాలి. కొట్లాటల్లేవు, అరుపుల్లేవు, వీధులూ ఇళ్ళూ ఎంతో శ్రద్ధగా గీసి ఉంటాయి. పిల్లాడికి మాత్రం ‘నాన్న వెళ్ళిపోయాడు’ అన్న ఒక్క సంగతే తెలుసు, నలభై ఎనిమిదేళ్ళవాడికి ఆ మనిషి ఎందుకు వెళ్ళాడో కూడా కాస్త అర్థమవడం మొదలవుతుంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా నాన్నకి నలభై. ఇప్పుడు నేను ఆయనకంటే పెద్దవాణ్ణి. ఆ నలభై ఏళ్ళ మనిషికి ఏం కావాలనిపించేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆలోచించలేదని ఈ పుస్తకం చదువుతుంటే తెలిసింది.

చిన్నగా మొదలుపెట్టాలంటే ఇంకొకటి, గెంగోరో తగమే రాసిన మై బ్రదర్స్ హస్బెండ్, 4 సంపుటాలు. ఒక తండ్రి దగ్గరికి, చనిపోయిన అతని కవల తమ్ముడి భర్త కెనడా నుంచి వస్తాడు, ఇంట్లో బడికెళ్ళే కూతురుంది, ఆ తండ్రి మనసులో బయటికి చెప్పని చిన్నచూపు ఉంది. కేకలేమీ లేకుండా ఆ చిన్నచూపు ఎలా కరుగుతుందో చూపిస్తాడు, ఇంట్లో అందరూ చదవొచ్చు. ఆడవాళ్ళ స్నేహం గురించి ఐ యజావా గీసిన నానా ఉంది, ఒకే పేరున్న ఇద్దరమ్మాయిలు టోక్యో వెళ్ళే రైల్లో కలుస్తారు. 2009లో రచయిత్రి అనారోగ్యంతో ఆగిపోయింది, అయినా ఉన్నంత వరకు చాలా నిజాయితీగా ఉంటుంది.

ఇక రెండింటి గురించి జాగ్రత్త చెప్పాలి. బెర్సెర్క్ బొమ్మలు చూసి ఎవరైనా ముచ్చటపడతారు, కెంటారో మియురా ముప్పై ఏళ్ళు ప్రాణం పెట్టి గీశాడు, 2021లో ఆయన పోయాక స్నేహితుడు కౌజి మోరి పర్యవేక్షణలో శిష్యులు కొనసాగిస్తున్నారు. కానీ అందులో లైంగిక హింస చాలా దారుణంగా ఉంటుంది, అది తెలిసే తెరవండి. ఇనియో అసానో గుడ్‌నైట్ పున్‌పున్‌లో పున్‌పున్ అనే పిల్లాడిని గీతల్లో వేసిన పిట్టలా గీస్తాడు, చూసి పిల్లల పుస్తకం అనుకోకండి. కుంగుబాటు, గృహహింస, ఆత్మహత్య అన్నీ ఉన్నాయి. మనసు బాగోని రోజుల్లో నేను దాన్ని పైఅరలో పెట్టేస్తాను.

వీటిలో చాలావాటి వెనక అట్ట మీద వయసు గుర్తుంటుంది, ‘ఎం’ (మెచ్యూర్, అంటే పెద్దవాళ్ళకి) అని ఉంటే పిల్లలకు అందనివ్వకండి. కుడి నుంచి ఎడమకి చదవాలి, పేజీలో పైన కుడిచేతి మూల నుంచి మొదలు. అక్కకి రెండు రోజులు పట్టింది అలవాటవడానికి. మొన్న ఆదివారం వచ్చి మాన్‌స్టర్ తొమ్మిదో పుస్తకం తిరిగిచ్చి, విన్‌లాండ్ సాగా మొదటి రెండూ సంచిలో వేసుకెళ్ళింది.