మ్యూనిక్‌లో క్రిస్మసా, అనంతపురంలో సంక్రాంతా?

పెళ్లయ్యాక మా చెల్లెలికి, మరిదికి మ్యూనిక్‌లో ఇదే మొదటి చలికాలం. డిసెంబర్‌లో అక్కడే గడపాలా, లీవు దాచుకుని సంక్రాంతికి అనంతపురం రావాలా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ.

అక్కడే ఉంటే ఖర్చు తక్కువ. డిసెంబర్ 25, 26 రెండూ ప్రభుత్వ సెలవులే. 24న మధ్యాహ్నం 2 గంటలకల్లా షాపులు మూసేస్తారు కాబట్టి పాలు, కూరగాయలు ముందే తెచ్చుకోవాలి. అసలు కష్టం చీకటి. నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, తోటివాళ్లంతా సొంతూళ్లకు వెళ్లిపోతారు. కొత్త కాపురంలో ఆ మూడు రోజులూ బెంగగానే ఉంటుంది.

సంక్రాంతికైతే టికెట్ల ఖర్చు, బెంగళూరులో దిగాక మళ్లీ కారు ప్రయాణం. జర్మనీలో జనవరి మధ్యలో సెలవేమీ లేదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు నిండితేనే ఏడాది లీవు మొత్తం మీద హక్కు వస్తుంది. కానీ ఇక్కడ భోగి మంట ఉంది. నువ్వులద్దిన సజ్జ రొట్టె పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలో పడుతుంది, పైన వేసిన నెయ్యి అంచుల దాకా పాకుతుంది, పక్కన గుత్తి వంకాయ. ఆ నెయ్యి పార్సిల్ కట్టి ఇద్దామన్నా, యూరప్‌లోకి పాల పదార్థాలు సామానులో తీసుకెళ్లనివ్వరు.

నా ఓటు సంక్రాంతికే. కొత్త అల్లుడి మొదటి పండగ మన ఇంట్లో జరగాలని అమ్మ ఆశ. మరిదికి ఆరు నెలలు నిండకపోతే మాత్రం లీవు కోసం టెన్షన్ పడొద్దు, ఉగాదికి రండి.