కర్నూలు సెల్లారు సినిమా: నీటి పని భేష్, ఏసీ రొద భరించలేం

కర్నూలులో ఒక కళాకేంద్రం కింద, సెల్లారులో కట్టిన 72 సీట్ల సినిమా హాలు ఇది. టికెట్ కొనేవాళ్లకు ముందే ఒక మాట: మొదటి వరస వద్దు. తెర వెడల్పు 6 మీటర్లు, స్కోప్ (బాగా వెడల్పాటి బొమ్మ) సినిమాకు ఎత్తు రెండున్నర. ఆ వరస తెరకు మూడు మీటర్ల చిల్లర దూరంలోనే ఉంది. తెర పైఅంచు చూడాలంటే చూపు 40 డిగ్రీలు పైకెత్తాలి. 35 దాటితే మెడ పట్టేస్తుంది. కారణం కప్పు. దాని ఎత్తు 4.2 మీటర్లే కావడంతో వరసకు 15 సెంటీమీటర్ల మెట్టే ఇవ్వగలిగారు. ముందువాళ్ల తలలు అడ్డం రాకూడదని తెర అడుగంచును 1.3 మీటర్లకు లేపారు. చివరి వరసలో కూర్చున్నా తెర 32 డిగ్రీల మేర కంటినిండా ఉంటుంది. అయిదు, ఆరు వరసల మధ్య సీట్లు దొరికితే వదలొద్దు.

అసలు మెచ్చుకోవాల్సింది నీటి పని, అంటే నీటిని తట్టుకునేలా కట్టిన తీరు. 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచెత్తిన ఊళ్లో సెల్లారు తవ్వడమే సాహసం. నీళ్లు లోపలికొస్తాయన్న భయం అందరికీ ఉంటుంది. ఖాళీ సెల్లారు పైకి తేలుతుందన్న లెక్క మాత్రం చాలామంది వేయరు. అడుగు 6 మీటర్ల లోతున ఉండి చుట్టూ నేల పైదాకా నీరుపడితే, చదరపు మీటరుకు 6 టన్నుల బలం కిందనుంచి తోస్తుంది. 60 సెంటీమీటర్ల రాఫ్ట్ (సెల్లారు అడుగున పోసిన పునాది స్లాబు) బరువు చదరపు మీటరుకు టన్నున్నరే. అందుకే డ్రాయింగులో రాఫ్ట్‌ను గోడల బయటికి చాపి, పైన మట్టి నింపి నొక్కిపెట్టారు. పై రెండంతస్తుల బరువూ తోడైంది. కాంక్రీటు జాయింట్లలో నీరు చొరబడకుండా పీవీసీ వాటర్ స్టాపర్ పట్టీ వేశారు. వాటర్‌ప్రూఫింగ్ పొర గోడకు బయటివైపు ఉంది. లోపల పూస్తే నీటి ఒత్తిడికి పెచ్చులూడుతుంది. రోడ్డు మీది నుంచి నాలుగు మెట్లు ఎక్కించి, ఆ తర్వాతే కిందికి దింపుతారు. చక్రాల కుర్చీకి పక్కన ర్యాంపు, లిఫ్టు ఉన్నాయి. మరుగుదొడ్లు పై అంతస్తులో పెట్టడం ఇంకా తెలివైన పని, వరదలో డ్రైనేజీ ఎగదన్నేది వాటిలోంచే. సంపులోని నీటిని తోడే రెండు మోటార్లూ ఒకే ఫ్లోటు స్విచ్ (నీటిమట్టం పెరిగితే తేలి మోటారు వేసేది) మీద నడుస్తున్నాయి. అది ఇరుక్కుంటే రెండూ ఉన్నా లేనట్టే. రెండోదానికి వేరే స్విచ్, కాస్త ఎత్తులో, వెంటనే పెట్టాలి.

పైన నాట్యం క్లాసు జరుగుతున్నా గజ్జెల చప్పుడు కిందికి దిగదు. లోపలి గది బయటి గోడలకు ఎక్కడా తగలదు: 10 సెంటీమీటర్ల స్లాబు రబ్బరు ప్యాడ్ల మీద, గోడలకు రెండేసి జిప్సం బోర్డులు, వెనక రాక్‌వూల్ (చప్పుడు పీల్చే రాతి నార), కప్పుకు స్ప్రింగు హ్యాంగర్లు. ఇలాంటి పని చెడేది స్లాబు పోసేటప్పుడే. కింద పరిచిన షీటు చిరిగి సిమెంటు పాలు ప్యాడ్ల సందులోకి కారి గట్టిపడితే, చప్పుడుకు దారి వేసినట్టే.

ఇంత చేసి ఏసీ దగ్గర చేతులెత్తేశారు. మాటల్లేని సీన్లలో గాలి బుస్సుమంటూ వినిపిస్తుంది. డక్టు వంపు తిరిగిన చోటే గ్రిల్లు, దాని మెడలోనే డ్యాంపర్ (గాలిని తగ్గించే రేకు). మిషను మార్చనక్కర్లేదు. డ్యాంపర్లను మెయిన్ డక్టు వైపు జరిపి, గ్రిల్లుల వైశాల్యం రెట్టింపు చేస్తే గాలి వేగం సగానికి పడుతుంది, రొద అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. అప్పటిదాకా వెనక ఎడమ మూలన, గ్రిల్లు కింద కూర్చోకండి.