టమ్మీ టక్, లైపోసక్షన్: మీ పొట్టకు ఏది మేలు?

కాన్పుల తరువాత జారిపోయిన పొట్టకు టమ్మీ టక్ (వదులు చర్మాన్ని కోసి తీసి, కండరాలను బిగించే ఆపరేషన్) మేలా, లైపోసక్షన్ (చిన్న కోతలోంచి గొట్టంతో కొవ్వును లాగేయడం) మేలా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. కోత చిన్నదనీ, తొందరగా కోలుకోవచ్చనీ విని వారిలో చాలామంది అప్పటికే లైపోసక్షన్ వైపు మొగ్గి ఉంటారు. ఖర్చు, మచ్చ వంటివి మాట్లాడుకునే ముందు ఒక్క సంగతి చూసుకోమని వారికి చెబుతుంటాను: వెల్లకిలా పడుకుంటే మీ పొట్ట ఏమవుతుంది?

పడుకోగానే పొట్ట పక్కటెముకల మట్టం కంటే కిందికి దిగి, చర్మం మడతగా చేతికి అందితే, ఇబ్బంది పైపొరల్లో ఉన్నట్టు. అలా కాక, పడుకున్నా గట్టిగా, ఎత్తుగా నిలిచి ఉంటే ఆ కొవ్వు చాలావరకు కండరాల వెనుక, పేగుల చుట్టూ ఉన్నట్టు. అక్కడికి లైపోసక్షన్ గొట్టం వెళ్లదు, టమ్మీ టక్ కత్తీ వెళ్లదు. భారతీయుల్లో బరువు పెద్దగా లేనివారికి కూడా ఈ లోపలి కొవ్వు పేరుకుంటుంది కనుకనే నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. 2004లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 15 మంది స్థూలకాయులైన స్త్రీలకు లైపోసక్షన్‌తో ఒక్కొక్కరి నుంచి సుమారు పది కిలోల కొవ్వు తీసినా, వారి రక్తపోటులో గానీ, ఇన్సులిన్ పనితీరులో గానీ మెరుగుదల కనిపించలేదు. ఇలాంటి పొట్ట ఉన్నవారు ముందు తిండి, నడకలతో బరువు తగ్గాలి. శస్త్రచికిత్స మాట ఆ తరువాతే.

ఇక పైపొరల సమస్యే అయితే, చర్మానికి సాగి మళ్లీ ముడుచుకునే గుణం ఇంకా మిగిలి ఉన్నవారికి లైపోసక్షన్ సరిపోతుంది. కానీ రెండు మూడు కాన్పులతో చారలు పడి వదులైన చర్మం కింద నుంచి కొవ్వును మాత్రమే లాగేస్తే, ఆ చర్మం మరింత వేలాడుతుంది. పైగా గర్భం పెరిగేటప్పుడు పొట్ట మధ్యలోని నిలువు కండరాలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. మోకాళ్లు మడిచి పడుకుని తల కొద్దిగా పైకెత్తి, బొడ్డు దగ్గర వేళ్లతో నొక్కి చూస్తే ఆ ఎడం తెలుస్తుంది. మన ఇళ్లలో బాలింతకు కట్టే నడికట్టు నడుముకు ఆసరా ఇస్తుందే తప్ప ఆ ఎడాన్ని పూడ్చదు. కొన్ని నెలలు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేస్తే చాలామందికి బలం తిరిగి వస్తుంది కనుక ముందు అదే చేయాలి. అప్పటికీ ఎడం, వేలాడే చర్మం రెండూ మిగిలితే నా మొగ్గు టమ్మీ టక్ వైపే. దూరమైన కండరాలను కుట్టి దగ్గరికి చేర్చి, బొడ్డు కింది వదులు చర్మాన్ని దాని మీది చారలతో, చాలాసార్లు పాత సిజేరియన్ మచ్చతో సహా తీసివేసేది అదొక్కటే.

అయితే అది పెద్ద ఆపరేషన్. పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఒక తుంటి నుంచి మరో తుంటి వరకు మచ్చ ఉండిపోతుంది. బొడ్డు కింద నెలల తరబడి, కొందరికి శాశ్వతంగా, స్పర్శ తగ్గుతుంది. చర్మం కింద నీరు చేరవచ్చు. అన్నిటికన్నా భయపడవలసింది కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. అరుదే అయినా ప్రాణాంతకం. అందుకే మొదటి రోజు నుంచే లేపి నడిపిస్తారు. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందే మానాలి, గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఆ సంగతి దాచకూడదు. సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తకూడదంటే చంటిబిడ్డను కూడా ఎత్తుకోకూడదనే అర్థం. ఇంట్లో ఆ పని ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి.

బొడ్డు కింద కొద్దిపాటి చర్మమే వదులైన వారికి మినీ టమ్మీ టక్, అంటే చిన్న కోతతో ఆ కాస్త చర్మాన్నే తీసే ఆపరేషన్, చాలు. కొవ్వును చలితో గడ్డకట్టించే యంత్రాలు చిన్న మడతలకు కొంత పనిచేస్తాయి, చర్మానికి ఏమీ చేయవు.

మరో బిడ్డను కనాలనుకునేవారు ఆగాలి, ఎందుకంటే కుట్టిన కండరాలు మళ్లీ సాగుతాయి. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి. అందం కోసం చేసే శస్త్రచికిత్సలకు ఆరోగ్య బీమా వర్తించదు. బొడ్డు దగ్గర హెర్నియా కూడా ఉంటే దాని ఖర్చు వరకు విడిగా అడగవచ్చు. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ అనే స్పెషలిస్టు పట్టా ఉందో లేదో, అక్కడే ఐసీయూ ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి.