హార్డ్‌వేర్ తిక్కకు మందు ఎక్కడ వెయ్యాలి: గ్రబ్‌లోనా, కెర్నల్‌లోనా, బయోస్‌లోనా?

పర్లాకిమిడిలో పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే మా సర్వీస్ షాపుకి ఫొటోగ్రాఫర్లు వరస కడతారు. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా వస్తారు. పోయిన సీజన్లో ఒకాయన తెచ్చిన ఎక్స్‌టర్నల్ డిస్క్ లినక్స్‌లో పది నిమిషాలు బాగానే కాపీ అయ్యేది, ఆ తర్వాత బిగుసుకుపోయేది. విండోస్‌లో ఏ పేచీ లేదు. "మావా, డిస్క్ పోయిందంటావా?" అన్నాడు షాపులో నాకు సాయంగా ఉండే మేనల్లుడు. పోలేదు. డిస్క్ ఉన్న డబ్బాలో, దాన్ని యూఎస్‌బీకి కలిపే బ్రిడ్జ్ చిప్పుకి తిక్క ఉంది.

డీమెసేజ్, అంటే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే చిట్టా, చూస్తే యూఏఎస్ అబార్ట్, ఆ వెంటనే రీసెట్, మళ్లీ అబార్ట్. యూఏఎస్ అంటే డిస్కుకి ఒకేసారి చాలా ఆదేశాలు పంపే పద్ధతి. పాత పద్ధతిలో ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి వెళ్తుంది. ఈ చిప్పు యూఏఎస్ తనకు వచ్చని చెప్పుకుంటుంది గానీ, కొన్ని ఆదేశాలు వచ్చేసరికి కొయ్యబారిపోతుంది.

మొదటి దారి బూట్ పారామీటర్, అంటే యంత్రం లేచేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే సూచన. బూట్ అయ్యేటప్పుడు, లినక్స్‌ని ఎక్కించే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మెనూలో 'ఈ' నొక్కి, కెర్నల్ వరుస చివర యూఎస్‌బీ-స్టోరేజ్ డాట్ క్విర్క్స్ అని రాసి, ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం చూపించే రెండు నంబర్ల (తయారీదారుది, వస్తువుది) జతనీ, దాని పక్కన 'యూ' అక్షరాన్నీ పెడితే చాలు. కెర్నల్ ఆ డబ్బాతో యూఏఎస్ మానేసి పాత పద్ధతికి దిగుతుంది. ఆ మార్పు ఒక్క బూట్‌కే కాబట్టి తప్పు రాసినా భయం లేదు. పనిచేసిందని తేలాక గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసుకోవచ్చు. అయిదు నిమిషాల పని.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నాకు బాధ కలిగించేది అదే. 'యూ' పెడితే డిస్క్ బతుకుతుంది గానీ వేగం పడిపోతుంది. పెళ్లి వీడియోలు వందల జీబీలు ఉంటాయి, ఆ తేడా బాగా తెలుస్తుంది. దానికంటే ముందు 'టీ' పెట్టి చూడాలి. అది యూఏఎస్‌ని ఉండనిచ్చి, అందులో ఏటీఏ పాస్‌త్రూ ఆదేశాలను మాత్రం ఆపుతుంది. డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్ పరికరాలు వాడేది వాటినే, చాలా బ్రిడ్జ్ చిప్పులు తడబడేదీ వాటి దగ్గరే. ఆ ఫొటోగ్రాఫర్ డబ్బాకు 'టీ' సరిపోయింది. దానికి బదులుగా ఆ డబ్బాలో ఉన్న డిస్కుకి స్మార్ట్ రీడింగ్ రాదు. అది ఆయనకు ముందే చెప్పి పంపాను.

రెండో దారి కెర్నల్‌లోని పట్టిక. యూఏఎస్ తిక్కలకు కెర్నల్ సోర్సులో ప్రత్యేకంగా ఒక ఫైలే ఉంది. ఒక్కో డబ్బాకి రెండు నంబర్లు, ఏ రివిజన్ నుంచి ఏ రివిజన్ వరకు, ఏ జెండా (అంటే 'యూ', 'టీ' లాంటి గుర్తు). చాలా వరుసల మీద దాన్ని తెలియజేసినవారి పేరు కూడా ఉంటుంది. ఎక్కడో ఎవరో తన డిస్క్ ఆగిపోతే కూర్చుని కనిపెట్టి రాసి పంపారు, ఇప్పుడు లోకంలో ఆ డబ్బా కొన్న ప్రతివాడికీ గ్రబ్ అనే మాట తెలియకుండానే అది పనిచేస్తుంది. గ్రబ్‌లో రాసింది మాత్రం ఆ ఒక్క కంప్యూటర్‌కే. ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కిస్తే అదీ పోతుంది, ఆయన డిస్కుని ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తే అక్కడా ఆగిపోతుంది. పదిమంది కొనే వస్తువైతే నా ఓటు పట్టికకే.

కష్టం లేదని కాదు. ప్యాచ్ (సోర్సులో చెయ్యాల్సిన మార్పు) రాయాలి, అనామకంగా కాకుండా సంతకం పెట్టాలి, నిర్వాహకులు అడిగిన వివరాలు ఇవ్వాలి. మెయిన్‌లైన్ (అసలు కెర్నల్) కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. అయితే స్టేబుల్ కెర్నళ్ల నియమాల్లో హార్డ్‌వేర్ తిక్కలకు చోటుంది కాబట్టి పాత వెర్షన్లకూ త్వరగానే దిగుతుంది. ఆలోగా పారామీటర్ ఉండనే ఉంటుంది.

మా ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు గ్రాంథికాన్ని కాదని, జనం నోట ఉన్న భాష రాతలోకి రావాలని పోరాడారు. కెర్నల్ రాసేవాళ్లకీ ఇలాంటి తగువే ఉంది. స్పెసిఫికేషన్ పుస్తకం ఒకటి చెబుతుంది, చేతిలోని యంత్రం మరొకటి చేస్తుంది. లినక్స్ యంత్రం వైపే నిలబడింది, అది సరైన పనని నా నమ్మకం. బయోస్ (బోర్డులోనే ఉండి యంత్రాన్ని లేపే ప్రోగ్రామ్) "నువ్వు ఫలానా విండోస్‌వా?" అని అడిగితే లినక్స్ అవునంటుంది. "లినక్స్‌వా?" అంటే కాదంటుంది, 2007లో వచ్చిన 2.6.23 నుంచి ఇదే తీరు. తయారీదారులు చాలామంది విండోస్ దారినే పరీక్షిస్తారు. పరీక్షించిన దారిలో నడిస్తే గోతులు తక్కువ.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. పాతపట్నం నుంచి వచ్చే ఒక మాస్టారి ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేస్తే టచ్‌ప్యాడ్ చచ్చిపోయేది. ఐ8042 డాట్ నోమక్స్ అన్న పారామీటర్ (కీబోర్డ్, టచ్‌ప్యాడ్ కంట్రోలర్‌కి సంబంధించినది) పెడితే బతికింది. దీనికీ కెర్నల్‌లో పట్టిక ఉంది గానీ, అక్కడ నంబర్ల జత కాదు, బయోస్ చెప్పే తయారీదారు పేరూ మోడల్ పేరూ చూసి పోల్చుతుంది. చిక్కంతా అక్కడే. ఇక్కడ అమ్ముడయ్యే చవక అసెంబుల్డ్ బోర్డుల్లో మోడల్ పేరు ఉండాల్సిన చోట 'తయారీదారు నింపాలి' అన్న ఇంగ్లిష్ వాక్యమే అలాగే వదిలేసి ఉంటుంది. దాన్ని పట్టికలో పెడితే అదే వాక్యం ఉన్న బోర్డులన్నిటికీ ఆ మందు ఎక్కుతుంది, వాటిలో జబ్బు లేనివే ఎక్కువ. అలాంటి బోర్డుకి పారామీటరే మేలు.

మాస్టారి ల్యాప్‌టాప్ పేరు సరిగానే ఉంది. పైగా దానికి కొత్త బయోస్ వచ్చింది, మార్పుల జాబితాలో నిద్ర, టచ్‌ప్యాడ్ మాట ఉంది. మూడో దారి ఇదే, బయోస్ మార్చడం. తిక్క పుట్టిన చోటే సరిదిద్దితే అంతకన్నా ఏం కావాలి. ఎఫ్‌డబ్ల్యూఅప్‌డి అనే సాధనం వచ్చాక లినక్స్‌లోంచే బయోస్ మార్చుకోవచ్చు, అయితే దానికి ఫైళ్లు అందించే సేవలో తయారీదారు తన ఫైల్ పెట్టి ఉండాలి.

కానీ మా ఊరి కరెంటుని లెక్కలో వేసుకోకుండా ఈ సలహా ఇవ్వలేను. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు ఇటుకరాయి అవుతుంది. డెస్క్‌టాప్ అయితే చార్జ్ నిండిన యూపీఎస్ లేకుండా ముట్టుకోను, వైశాఖం గాలివానల్లో మధ్యాహ్నం తర్వాత అసలు ముట్టుకోను. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీయే యూపీఎస్ కాబట్టి కొంత ధైర్యం. పాడైన బోర్డుని, బయోస్ చిప్పులోకి నేరుగా రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో, ఎనిమిది కాళ్ల క్లిప్పుతో బతికించవచ్చు, బతికించాను కూడా. కానీ అది ఇంట్లో కూర్చుని చేసుకోమని చెప్పే పని కాదు.

నాలుగో దారి, ఏసీపీఐ పట్టికను (బోర్డు గురించి బయోస్ కెర్నల్‌కి ఇచ్చే వివరాలు) విప్పి, దిద్ది, ఇనిట్‌ఆర్‌డీలో (బూట్ మొదట్లో కెర్నల్‌తో పాటు ఎక్కే ఫైల్) పెట్టి బయోస్ ఇచ్చినదానికి బదులు ఎక్కించడం. నేర్చుకోవడానికి చాలా మంచిది, కస్టమర్ యంత్రం మీద వద్దు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ఎక్కనిచ్చే ఏర్పాటు) ఉంటే, చాలా లినక్స్ పంపిణీల్లో కెర్నల్ లాక్‌డౌన్ అనే కట్టడి దాన్ని అడ్డుకుంటుంది. రేపు బయోస్ మారితే, పాత పట్టిక కొత్తదాని మీద కూర్చుని ఇంకో రోగం తెస్తుంది.

మాస్టారి ల్యాప్‌టాప్‌కి బయోస్ మార్చాక నోమక్స్ తీసేశాం. అది ఉండగా చూస్తే బాగుపరిచింది ఏదో తెలియదు. మూత వేసి, తీసి, అలా అయిదుసార్లు చూశాం, టచ్‌ప్యాడ్ లేచింది. ఫొటోగ్రాఫర్ డబ్బా మాత్రం ఇంకా గ్రబ్ వరుస మీదే నడుస్తోంది. దాని నంబర్లూ డీమెసేజ్ మొత్తమూ మా మేనల్లుడు ఒక ఫైల్లో పెట్టుకున్నాడు. ప్యాచ్ మీద సంతకం ఎవరిది పెట్టాలని అడిగాడు, వాడిదే పెట్టమన్నాను.